పీజీ గదిలో సెక్యూరిటీ ల్యాబ్: 16 జీబీ ర్యామ్, వైఫై ఒక్కటే. ఎక్కడ మొదలుపెట్టాలి?

పీజీ_పక్షి | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్ళిలో పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్). గదిలో ల్యాన్ పోర్టు లేదు, ఫోన్ నంబరు అడిగి లాగిన్ పేజీ చూపించే వైఫై ఒక్కటే దిక్కు. విండోస్ 11 ల్యాప్‌టాప్, 16 జీబీ. ఇక్కడి కంప్యూటర్ల బజారు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ మినీ పీసీ కొని ప్రాక్స్‌మాక్స్ (ఒకే పెట్టెలో చాలా వర్చువల్ యంత్రాలు నడిపే సిస్టమ్) వేద్దామని ఉంది.

ప్రస్తుతానికి ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపేది) పెట్టి కాలీ (దాడి టూల్స్ ఉన్న లైనక్స్), మెటాస్ప్లాయిటబుల్ 2 (సాధన కోసం బలహీనంగా తయారుచేసిన లక్ష్యం) ఎక్కించాను. రెండూ లేస్తున్నాయి. కానీ రెండింటికీ 10.0.2.15 అనే ఒకే ఐపీ వస్తోంది, ఒకదానికొకటి కనబడవు. బ్రిడ్జ్‌కి (యంత్రాలని నేరుగా పీజీ నెట్‌వర్క్‌లో కలిపే పద్ధతి) మారిస్తే కనబడతాయంటున్నారు. మార్చేయనా? తర్వాత యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసుల్లో విండోస్ యూజర్లని, కంప్యూటర్లని ఒకేచోటి నుంచి నడిపే వ్యవస్థ) కూడా నేర్చుకోవాలి. ఏం కొనాలి, ఏ వరసలో కట్టాలి?

గోంగూర_షెల్ | 9:20

బ్రిడ్జ్ వద్దండీ. ముందు ఆ చేయి వెనక్కి తీసుకోండి.

మెటాస్ప్లాయిటబుల్ 2లో 1524 పోర్టుకి టెల్నెట్ కొడితే పాస్‌వర్డ్ అడక్కుండా రూట్ షెల్ ఇస్తుంది. కావాలని అలా తయారుచేశారు. దాన్ని బ్రిడ్జ్ మీద పెట్టారంటే పీజీలో ప్రతి గదికీ మీ ల్యాప్‌టాప్‌లోని యంత్రానికి తాళంచెవి ఇచ్చినట్టే. పైగా వైఫై మీద బ్రిడ్జ్ చాలాసార్లు పనే చెయ్యదు, ఎందుకో కింద ప్రాక్స్‌మాక్స్ వాళ్ళు చెప్తారు.

ఒకే ఐపీ ఎందుకంటే, వర్చువల్‌బాక్స్‌లో ‘నాట్’ పెట్టిన ప్రతి యంత్రానికీ విడిగా ఒక బుల్లి రూటర్ ఉంటుంది. రెండు వేర్వేరు వీధుల్లో రెండు ఇళ్ళు, రెండింటి డోర్ నంబరూ 15. అంతే. యంత్రం పాడవలేదు.

చేయాల్సింది ఇది. కాలీకి రెండు అడాప్టర్లు: మొదటిది నాట్ (అప్‌డేట్ల కోసం), రెండోది ఇంటర్నల్ నెట్‌వర్క్ (యంత్రాలు తమలో తాము మాత్రమే మాట్లాడుకునే తీగ), పేరు ఏదైనా ఇవ్వండి. మెటాస్ప్లాయిటబుల్‌కి ఒక్కటే అడాప్టర్, అదే పేరున్న ఇంటర్నల్ నెట్‌వర్క్. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా రెండూ వేరే స్విచ్‌ల మీద ఉన్నట్టు లెక్క. దీంట్లో డీహెచ్‌సీపీ (ఐపీలు తనే పంచే సేవ) దానంతట అది ఉండదు కాబట్టి ఐపీలు మీరే ఇవ్వాలి: కాలీకి 10.50.50.10, మెటాస్ప్లాయిటబుల్‌కి 10.50.50.20, రెండింటికీ మాస్క్ 255.255.255.0. రెండోదాంట్లో లాగిన్, పాస్‌వర్డ్ రెండూ ‘ఎంఎస్ఎఫ్అడ్మిన్’. రీబూట్ తర్వాత కూడా ఐపీ నిలవాలంటే ఈటీసీ, నెట్‌వర్క్ ఫోల్డర్లోని ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ‘డీహెచ్‌సీపీ’ అన్నచోట ‘స్టాటిక్’ అని మార్చి అడ్రస్, మాస్క్ రాయండి.

కాలీ రెండో అడాప్టర్‌కి గేట్‌వే గడి ఖాళీగా వదలండి. అక్కడ ఏదో ఒకటి నింపేస్తే డీఫాల్ట్ రూటు అటు తిరిగిపోయి కాలీలో ఇంటర్నెట్ ఆగిపోతుంది, తప్పు నాట్ మీదకి పోతుంది.

సీమ_సాకెట్ | 9:31

ఇంటర్నల్ ఎందుకన్నా, హోస్ట్-ఓన్లీ పెడితే 192.168.56 సిరీస్‌లో డీహెచ్‌సీపీ అదే ఇస్తాది కదా. 101 నుంచి ఐపీలు పంచుతాది, కొత్తోళ్ళకు చేతిపని తప్పుతాది.

గోంగూర_షెల్ | 9:38

సౌకర్యమే, కాదనను. కానీ హోస్ట్-ఓన్లీలో మీ విండోస్ కూడా 192.168.56.1 అనే ఐపీతో అదే తీగ మీద కూర్చుంటుంది. లక్ష్యాన్ని పడగొట్టినవాడికి ఎదురుగా ఉండేది మీ సొంత ల్యాప్‌టాప్. జ్యూస్ షాప్ (కావాలనే లోపాలు పెట్టిన వెబ్‌సైట్) లాంటివాటిని హోస్ట్ బ్రౌజర్‌లో తెరవాలంటే హోస్ట్-ఓన్లీ సరే. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన వల్న్‌హబ్ (సాధన యంత్రాలు పంచే సైట్) యంత్రాలు మాత్రం ఇంటర్నల్‌లోనే ఉండాలి. షేర్డ్ ఫోల్డర్, రెండువైపులా క్లిప్‌బోర్డ్, ఈ రెండూ లక్ష్యాలకి ఆఫ్.

పీజీ_పక్షి | 10:05

ఇంటర్నల్ పెట్టాను, పింగ్ వచ్చింది! కానీ కాలీ నత్తలా నడుస్తోంది. వర్చువల్‌బాక్స్ కింద మూలలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఒకటి ఉంది. అది దేనికి?

గోంగూర_షెల్ | 10:11

పేరుకి తగ్గ బొమ్మ. కింద హైపర్-వీ (విండోస్ సొంత వర్చువల్ యంత్రాల ఇంజిన్) నడుస్తోంది, వర్చువల్‌బాక్స్‌కి ప్రాసెసర్ నేరుగా దొరకడం లేదు, దాని భుజం మీదుగా పనిచేస్తోంది అని అర్థం. విండోస్ 11లో హైపర్-వీ మీరు ఎక్కించకపోయినా కోర్ ఐసొలేషన్ దాన్ని లేపుతుంది. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసొలేషన్, మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చేయండి. తర్వాత అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్‌తో హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్‌ని ‘ఆఫ్’ చేసి, మెషిన్ పూర్తిగా ఆపి మళ్ళీ పెట్టండి. డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలి లైనక్స్), డాకర్ డెస్క్‌టాప్ (యాప్‌లని విడివిడి డబ్బాల్లో నడిపేది) రెండూ హైపర్-వీ మీదే బతుకుతాయి కాబట్టి అవి ఆగిపోతాయి. కావలసినప్పుడు ‘ఆటో’ అని వెనక్కి తిప్పుకోవచ్చు.

మెమరీ ఇంటిగ్రిటీ అన్నది మీ ల్యాప్‌టాప్‌కి నిజమైన రక్షణ. దాన్ని తీసేయడానికి మనసొప్పకపోతే, అదే మినీ పీసీ కొనడానికి సరైన కారణం. ఇక ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఈ పనులేవీ దాని మీద చేయకండి. ఎన్‌మ్యాప్ (పోర్టులు వెతికే స్కానర్) ఎక్కించిన నిమిషానికే సెక్యూరిటీ టీమ్‌కి అలర్ట్ వెళ్తుంది, హెచ్ఆర్ మెయిల్ దాని వెనకే వస్తుంది.

బీటీఎం_బాబాయి | 10:40

ఎస్పీ రోడ్డుకి వెళ్ళేముందు ఏం అడగాలో తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే గేమింగ్ క్యాబినెట్ అంటగట్టి పంపిస్తారు.

అడగాల్సినవి: లెనోవో థింక్‌సెంటర్ ఎం710క్యూ, డెల్ ఆప్టిప్లెక్స్ 7050 మైక్రో, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్ 800 జీ3 మినీ. ఆఫీసులు వదిలేసిన పెట్టెలు, లావుపాటి పుస్తకం సైజు. ప్రాసెసర్ ఐ5-6500టీ గానీ ఐ5-7500టీ గానీ ఉంటే చాలు: 4 కోర్లు, 35 వాట్ల చిప్. చివర ‘టీ’ ఉందో లేదో చూసుకోండి. డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్ స్లాట్లు రెండు ఉంటాయి, 32 జీబీ దాకా వెళ్తుంది. 16 జీబీ కొంటే 8+8 వద్దు, ఒకే 16 స్టిక్ తీసుకోండి, రెండో స్లాట్ రేపటికి మిగులుతుంది. వేగం కాస్త తగ్గుతుంది, ల్యాబ్‌లో అది తెలియదు. డిస్కు 512 జీబీకి తగ్గకుండా, ఎస్ఎస్‌డీ.

రేటు నేను చెప్పను, ఒక్కో కొట్టులో ఒక్కోటి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి.

కౌంటర్ దగ్గరే తేల్చుకోవాల్సినవి కొన్ని. బయోస్‌లోకి వెళ్ళనిస్తోందా? పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేయండి. లోపల వర్చువలైజేషన్ టెక్నాలజీ, వీటీ-డీ రెండూ ఆన్ చేసి సేవ్ అవుతున్నాయా చూడండి. లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో పెట్టుకెళ్ళి స్మార్ట్‌సీటీఎల్‌తో ఎస్ఎస్‌డీ ఎంత అరిగిందో చూడండి. ఎక్కువమంది మోసపోయేది మాత్రం అడాప్టర్ దగ్గర. డెల్ పెట్టె తన అడాప్టర్‌ని మధ్య పిన్ను ద్వారా గుర్తుపడుతుంది. వేరేది పెడితే ఆన్ అవుతుంది, విండోస్ కూడా వస్తుంది, కానీ ప్రాసెసర్ వేగాన్ని తనే తొక్కిపెడుతుంది. ఇంటికొచ్చాక ‘ఇదేంటి ఇంత స్లో’ అని ర్యామ్ మార్చుకుంటూ కూర్చుంటారు. బూటయ్యేటప్పుడు అడాప్టర్ గురించి హెచ్చరిక వస్తోందా, అక్కడే చదవండి.

రాక్ సర్వర్ చవగ్గా వస్తోంది కదా అని ఆశపడకండి. మినీ పీసీ ఖాళీగా 15 వాట్లు తాగితే నెలంతా నడిపినా 11 యూనిట్లు దాటదు. పాత సర్వర్ 120 వాట్లు తాగిందంటే 86 యూనిట్లు. ఆ ఫ్యాన్ల హోరుకి పక్క మంచం కుర్రాడు వార్డెన్ దగ్గరికి వెళ్తాడు.

ఉప్మా_రూట్ | 11:02

బాబాయ్ చెప్పింది కరెక్టే. ఇగ వైఫై ముచ్చట.

ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాలర్ వైఫై కార్డుని లెక్కలకే తీస్కోదు. తర్వాత చేతితోని ఎక్కించినా బ్రిడ్జ్ పని చెయ్యదు. ఎందుకంటే వైఫైల యాక్సెస్ పాయింట్ నీ కార్డు మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్ నంబరు) ఒక్కదాన్నే గుర్తుపడ్తది. బ్రిడ్జ్ వెనకాల ఉన్న వీఎంలు (వర్చువల్ యంత్రాలు) వేరే మ్యాక్‌లతోని ఫ్రేములు పంపిస్తే ‘నువ్వెవరివి’ అని పడేస్తది. ల్యాప్‌టాప్‌ల వైఫై బ్రిడ్జ్ సతాయించేది గూడ గందుకే.

చక్కటి దారి: చిన్న ట్రావెల్ రూటర్ ఒకటి కొను. జీఎల్-ఐనెట్ది గానీ, టీపీ-లింక్ది గానీ. దాన్ని రిపీటర్ లేదా డబ్ల్యూఐఎస్‌పీ మోడ్ల పెడితే పీజీ వైఫైని అది పట్టుకుంటది, ఇటు ల్యాన్ పోర్టు ఇస్తది. మినీ పీసీకి మామూలు కేబుల్. లాగిన్ పేజీకి భయపడకు, రూటర్ వెనకాల నీ ఫోన్ కనెక్ట్ చేసి ఒక్కసారి లాగిన్ అయితే చాలు. పీజీ నెట్‌వర్క్‌కి కనబడేది రూటర్ మ్యాక్ ఒక్కటే కాబట్టి వెనకాల ఉన్నయన్నీ పోతయ్.

ఇన్‌స్టాల్‌ల రెండు మాటలు. డిస్కుకి ఎక్స్‌ట్4 ఎంచుకో, అది ఎల్‌వీఎం-థిన్ తయారుచేస్తది. జెడ్ఎఫ్ఎస్ మంచిదే గానీ క్యాష్ కోసమని ర్యామ్ తింటది, 16 జీబీల అది దండగ. ఇన్‌స్టాల్ అయినంక అప్‌డేట్ కొడితే 401 ఎర్రర్ వస్తది. అది పైసలు కట్టినోళ్ళ ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ. దాన్ని డిసేబుల్ చేసి ‘నో సబ్‌స్క్రిప్షన్’ది జోడించు. వెబ్ పేజీ 8006 పోర్టు మీద, ముంగట హెచ్‌టీటీపీఎస్ అని కొట్టాలె.

ల్యాబ్ తీగ: నోడ్, నెట్‌వర్క్, కొత్త లైనక్స్ బ్రిడ్జ్. పేరు వీఎంబీఆర్1. బ్రిడ్జ్ పోర్ట్స్ ఖాళీ, ఐపీ ఖాళీ, గేట్‌వే ఖాళీ. ఐపీ ఇచ్చినవనుకో, ప్రాక్స్‌మాక్స్ పెట్టెనే ల్యాబ్ లోపలికి తెచ్చినట్టు.

పీజీ_పక్షి | శనివారం ఉదయం 8:50

ల్యాబ్‌కి ఇంటర్నెట్ అసలు వద్దా? విండోస్ సర్వర్ అప్‌డేట్ల సంగతేంటి?

గోంగూర_షెల్ | 9:15

కావాలి, కానీ మీరు తిప్పినప్పుడు మాత్రమే తెరుచుకునే కుళాయిలా. దానికి ఓపీఎన్‌సెన్స్‌ని (ఫైర్‌వాల్, రూటర్ సాఫ్ట్‌వేర్) ఒక వీఎంగా పెట్టండి: వ్యాన్ (బయటి) వైపు వీఎంబీఆర్0, అంటే ప్రాక్స్‌మాక్స్ ముందే పెట్టే బ్రిడ్జ్, ల్యాన్ (ల్యాబ్) వైపు వీఎంబీఆర్1.

ఇక్కడ మూడు గోతులున్నాయి, దాదాపు అందరూ వరసగా మూడింట్లోనూ పడతారు. ఓపీఎన్‌సెన్స్ ల్యాన్‌కి పుట్టుకతో వచ్చే ఐపీ 192.168.1.1. ట్రావెల్ రూటర్ కూడా అదే సిరీస్ అయితే రెండు వైపులా ఒకే నెట్‌వర్క్, ప్యాకెట్ ఎటు వెళ్ళాలో దానికే తెలియదు. కన్సోల్ మెనూలోనే ల్యాన్‌ని 10.50.50.1/24 కి మార్చేయండి.

రెండోది, ల్యాన్ నుంచి ఎక్కడికైనా వెళ్ళొచ్చు అనే నియమం ముందే రాసి ఉంటుంది. ‘ఎక్కడికైనా’లో పీజీ నెట్‌వర్క్ కూడా ఉంది. కాబట్టి ప్రైవేటు అడ్రసులన్నీ (10/8, 172.16/12, 192.168/16) ఒక అలియాస్‌లో పెట్టి వాటికి బ్లాక్ నియమం రాసి, పాత నియమం పైన పెట్టండి. పైనుంచి కిందకి చదువుతుంది, మొదట ఏది కలిస్తే అదే ఖాయం.

మూడోది ఆ రెండో పనిలోనే దాక్కుని ఉంది. 10/8ని మూసేస్తే 10.50.50.1 కూడా మూతపడుతుంది, అంటే డీఎన్ఎస్ (పేర్లని ఐపీలుగా మార్చేది) చచ్చిపోతుంది. ఐపీలకి పింగ్ వెళ్తుంది, పేర్లు మాత్రం తెరుచుకోవు. అందుకే అన్నిటికంటే పైన ‘ల్యాన్ నుంచి ఫైర్‌వాల్‌కి, పోర్టు 53, అనుమతి’. దాని కింద బ్లాక్. దాని కింద అందరికీ అనుమతి, అది మామూలుగా డిసేబుల్ చేసి ఉంచి, అప్‌డేట్ రోజున ఎనేబుల్ చేయండి.

నీలిదళం | 10:30

విండోస్ సర్వర్ 2022 మూల్యాంకన కాపీ 180 రోజులు నడుస్తుంది. కానీ మొదటి 10 రోజుల్లో ఒకసారి ఇంటర్నెట్ ద్వారా యాక్టివేట్ కావాలి, లేకపోతే దానంతట అదే షట్‌డౌన్ అవడం మొదలుపెడుతుంది. కట్టుదిట్టంగా మూసిన ల్యాబ్‌లో ‘డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీని నడిపే సర్వర్) ఊరికే ఆగిపోతోంది’ అనే ఫిర్యాదుకి కారణం చాలాసార్లు ఇదే. ఎక్కించిన రోజే కుళాయి తెరిచి, యాక్టివేట్ చేసి, అప్‌డేట్లు వేసి, మూసేయండి. ఎన్ని రోజులు మిగిలాయో, గడువు మళ్ళీ ఎన్నిసార్లు పెంచుకోవచ్చో ఎస్ఎల్ఎంజీఆర్ కమాండ్‌కి డీఎల్‌వీ జోడిస్తే చూపిస్తుంది.

ప్రాక్స్‌మాక్స్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ ‘డిస్కు లేదు’ అంటుంది. డిస్కు ఉంది, వర్ట్‌ఐఓ (వీఎంకి ఇచ్చే వర్చువల్ హార్డ్‌వేర్) డ్రైవర్ లేదు. వర్ట్‌ఐఓ-విన్ ఐఎస్ఓని రెండో సీడీగా తగిలించి, లోడ్ డ్రైవర్ నొక్కి, వీఐఓఎస్‌సీఎస్ఐ ఫోల్డర్లో 2కే22, అందులో ఏఎండీ64 చూపించండి. ఇంటెల్ ప్రాసెసర్ అయినా అదే ఫోల్డర్, పేరు చూసి తికమక పడొద్దు.

డొమైన్ పేరు చివర ‘లోకల్’ పెట్టకండి. లైనక్స్ దాన్ని ఎండీఎన్ఎస్‌గా (పక్క యంత్రాలనే పేరు అడిగే పద్ధతి) భావించి డొమైన్ కంట్రోలర్‌ని అడగడమే మానేస్తుంది, కాలీ నుంచి పేర్లు దొరకవు. ఇలాంటి ప్రయోగాలకే కేటాయించిన ‘టెస్ట్’ వాడండి. క్లయింట్ డీఎన్ఎస్‌గా డొమైన్ కంట్రోలర్ ఐపీ ఒక్కటే ఉండాలి. పక్కన 8.8.8.8 కూడా ‘ఎందుకైనా మంచిది’ అని పెడితే డొమైన్‌లో చేరడం ఒకసారి కుదిరి ఒకసారి కుదరదు, దాంతో పిచ్చెక్కుతుంది.

సమయం. కెర్బెరోస్ (యాక్టివ్ డైరెక్టరీ లాగిన్ టికెట్ల పద్ధతి) 5 నిమిషాల తేడా దాకా ఓర్చుకుంటుంది, దాటితే క్లాక్ స్క్యూ ఎర్రర్. కాలీని సస్పెండ్ చేసి మర్నాడు లేపితే గడియారం నిన్నటి దగ్గరే ఉండొచ్చు. టూల్ తప్పు కాదు, ముందు గడియారం చూడండి.

స్నాప్‌షాట్లు (యంత్రం ఆ క్షణంలో ఎలా ఉందో దాచిన కాపీలు). డొమైన్ కంట్రోలర్‌ని ఒక్కదాన్నే పాత స్నాప్‌షాట్‌కి తిప్పితే, మధ్యలో క్లయింట్ తన మెషిన్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చుకుని ఉంటే (30 రోజులకోసారి మారుస్తుంది) ‘ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్డ్’ అంటుంది. అన్నిటినీ ఆపి, ఒకేసారి తీసి, ఒకేసారి తిప్పాలి. ఇప్పటికే విరిగిపోతే క్లయింట్‌లో లోకల్ అడ్మిన్‌గా పవర్‌షెల్ తెరిచి టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానల్ కమాండ్‌కి రిపేర్ జోడించండి, డొమైన్ నుంచి తీసి మళ్ళీ చేర్చే బాధ తప్పుతుంది.

పీజీ_పక్షి | 10:52

16 జీబీలో ఇవన్నీ పడతాయా? గోడ్ అనే రెడీమేడ్ యాక్టివ్ డైరెక్టరీ ల్యాబ్ గురించి విన్నాను.

నీలిదళం | 11:10

పూర్తి గోడ్‌లో 5 విండోస్ వీఎంలు, రెండు ఫారెస్టులు (విడివిడి డొమైన్ గుంపులు). 16లో పట్టదు. లైట్ వెర్షన్ 3 వీఎంలు, అదీ ఒత్తుకుంటూ.

మీ లెక్క ఇలా వేసుకోండి: ప్రాక్స్‌మాక్స్‌కి ఒకటిన్నర, ఓపీఎన్‌సెన్స్ 2, కాలీ 3, మెటాస్ప్లాయిటబుల్ అర, సర్వర్ 3, విండోస్ 11 క్లయింట్ 4. మొత్తం 14. మిగిలిన 2 ముట్టుకోకండి. అన్నీ ఒకేసారి నడపాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు.

రెడీమేడ్ కంటే మొదటిసారి చేత్తో కట్టడమే మేలు, ఎందుకంటే బలహీనత ఎక్కడ పుడుతుందో కళ్ళారా చూస్తారు. ఒక సర్వీసు అకౌంట్ సృష్టించి, దానికి ఎస్‌పీఎన్ (సర్వీసు గుర్తింపు పేరు) తగిలించి, పాస్‌వర్డ్ నాసిగా పెట్టండి: కెర్బెరోస్టింగ్ (సర్వీసు టికెట్ తీసుకుని దాన్నుంచి పాస్‌వర్డ్ కనిపెట్టే దాడి) సిద్ధం. ఇంకో యూజర్‌కి ‘ప్రీ-ఆథెంటికేషన్ అవసరం లేదు’ అనే టిక్ పెట్టండి: ఏఎస్-రెప్ రోస్టింగ్ (పాస్‌వర్డ్ అడక్కుండా వచ్చే లాగిన్ జవాబు మీద అలాంటి దాడే) సిద్ధం. రెండు మార్పులతో రెండు వారాల సాధన.

ఇంకొకటి, దాడి చేసి మురిసిపోయి ఆపేయకండి. సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్‌లో 4769 (సర్వీసు టికెట్ అడిగిన నమోదు) వెతకండి. టికెట్ ఎన్‌క్రిప్షన్ టైపు 0ఎక్స్17 అని కనబడితే అది ఆర్‌సీ4 (పాత, బలహీనమైన ఎన్‌క్రిప్షన్), మీరు ఇందాక కాలీ నుంచి కొట్టిన దెబ్బే. పక్కనే మామూలు టికెట్లలో 0ఎక్స్12 ఉంటుంది, అది ఏఈఎస్-256. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే డిటెక్షన్ రూల్ ఎలా పుడుతుందో అర్థమవుతుంది. సిస్‌మాన్ (ఇంకా వివరంగా లాగ్ రాసే టూల్) కూడా వేయండి: ఈవెంట్ 1 ప్రాసెస్ పుట్టుక, 3 నెట్‌వర్క్ కనెక్షన్, 10 ఒక ప్రాసెస్ ఇంకోదాని మెమరీలోకి తొంగిచూడటం. వాజుహ్ (లాగ్‌లన్నీ ఒకచోట చేర్చి అలర్ట్ ఇచ్చే వ్యవస్థ) అంతటినీ ఒకే యంత్రంలో పెట్టాలంటే 8 జీబీ అడుగుతుంది, 32కి ఎదిగాక చూసుకోండి. మొదట్లో ఈవెంట్ వ్యూయరే గురువు.

మ్యాక్_మామ | 11:48

నా దగ్గర ఎం2 మ్యాక్‌బుక్. మెటాస్ప్లాయిటబుల్ 2 లేవట్లేదు. దారి ఉందా?

ఉప్మా_రూట్ | 11:55

మామా, అది ఎక్స్86 యంత్రం, నీది ఆర్మ్ చిప్. యూటీఎంల (మ్యాక్ మీద వీఎంలు నడిపే యాప్) ఎమ్యులేషన్ పెడితే లేస్తది గానీ పాకుతది. కాలీ ఆర్మ్ ఇమేజ్ నేరుగా నడుస్తది, మంచిగుంటది. లక్ష్యాలకు డాకర్ మీద జ్యూస్ షాప్, దానికి ఆర్మ్ ఇమేజ్ ఉంది. యాక్టివ్ డైరెక్టరీ కావాలంటే మాత్రం బాబాయ్ చెప్పిన డబ్బా కొనుడే.

సీమ_సాకెట్ | 12:20

డాకర్ మాటొచ్చింది కాబట్టి ఒకటి. జ్యూస్ షాప్‌కు పోర్టు ఇచ్చేటప్పుడు ‘3000:3000’ అని ఊరికే ఇచ్చినారంటే అది మెషిన్‌కున్న అన్ని ఐపీల మీదా తెరుచుకుంటాది. యూఎఫ్‌డబ్ల్యూలో (లైనక్స్ ఫైర్‌వాల్) 3000 మూసినా కూడా తెరిచే ఉంటాది, ఎందుకంటే డాకర్ తన ఐపీటేబుల్స్ నియమాలు తనే రాసుకుంటాది, యూఎఫ్‌డబ్ల్యూను దాటేసి. ముందర 127.0.0.1 చేర్చి ‘127.0.0.1:3000:3000’ అని ఇయ్యండి. అప్పుడు మీ బ్రౌజర్ తప్ప ఇంకెవురికీ అందదు.

చట్టం సంగతి గూడా చెప్పేస్తా, తర్వాత ఎవురూ అడగొద్దు. పీజీ వైఫైలో పక్కోళ్ళ ఫోన్లు, రూటరు, సీసీ కెమెరా రికార్డరు, వీటిల్లో దేన్నీ స్కాన్ చెయ్యొద్దు. 2000 నాటి ఐటీ చట్టంలో 43వ సెక్షను అనుమతి లేకుండా కంప్యూటర్లోకి పోవడం గురించి, నష్టపరిహారం దాంట్లో వస్తాది. అదే పని మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షను, మూడేండ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘నేర్చుకుంటాండా సార్’ అంటే అనుమతి అయిపోదు. పీజీ ఓనరు నోటిమాటగా సరే అన్యా కూడా పక్క గదోళ్ళ ఫోను మీద ఆయనకేం హక్కుంది?

పీజీ_పక్షి | మధ్యాహ్నం 2:30

అర్థమైంది, గీత దాటను. వైఫై టెస్టింగ్ నేర్చుకోవాలంటే మరి?

సీమ_సాకెట్ | 2:41

సొంత పాత రూటర్ ఒకటి, సొంత ఫోన్ ఒకటి, అంతే. ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు వీఎంకు మామూలు ఈథర్నెట్ మాదిరే కనబడతాది, మానిటర్ మోడ్ (చుట్టూ ఉండే వైఫై ప్యాకెట్లన్నీ వినేది) రాదు. యూఎస్‌బీ కార్డు కావాల. ఏఆర్9271 చిప్ ఉండేది వెతకండి, ఆల్ఫా ఏడబ్ల్యూయూఎస్036ఎన్‌హెచ్ఏలో అదే ఉంది. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ అని అందురూ చెప్తారు గానీ అది వెర్షన్ 1 అయితేనే ఆ చిప్పు. 2, 3 లోపల రియల్‌టెక్ పెట్టినారు. పెట్టె మీద కాదు, కార్డు వెనక స్టిక్కర్లో వెర్షన్ చదవండి. డీఆథ్ ప్యాకెట్లు (ఫోన్‌ను వైఫై నుంచి తెంపేవి) వదిలేటప్పుడు మీ రూటర్ మ్యాక్, మీ ఫోన్ మ్యాక్ రెండూ కచ్చితంగా ఇయ్యండి. ఊరికే వదిలితే పక్క గదోళ్ళ జూమ్ కాల్ తెగుతాది.

పీజీ_పక్షి | సాయంత్రం 6:15

రెండు చోట్ల ఆగాను. కాలీ నుంచి మెటాస్ప్లాయిటబుల్‌కి ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) కొడితే ‘నో మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్’ అంటోంది. వల్న్‌హబ్ నుంచి తెచ్చిన ఒక యంత్రానికి అసలు ఐపీయే రావట్లేదు, హోస్ట్-ఓన్లీకి మార్చినా.

గోంగూర_షెల్ | 6:34

మొదటిది వయసు తేడా. ఆ యంత్రం ఉబుంటు 8.04, దానికి తెలిసిన కీలు ఎస్‌ఎస్‌హెచ్-ఆర్ఎస్ఏ, డీఎస్ఎస్. ఇప్పటి క్లయింట్ వాటిని నమ్మదు. కమాండ్‌లో ‘హోస్ట్‌కీఆల్గొరిథమ్స్’ ఆప్షన్‌కి ప్లస్ గుర్తు పెట్టి ఎస్‌ఎస్‌హెచ్-ఆర్ఎస్ఏ ఇవ్వండి. ఆ ప్లస్ మర్చిపోతే ఉన్న జాబితా పోయి అదొక్కటే మిగులుతుంది. సాంబా (విండోస్ తరహా ఫైల్ షేరింగ్) దగ్గర కూడా ఇదే తంతు ఎదురవుతుంది: ఎస్ఎంబీక్లయింట్ ‘ప్రోటోకాల్ నెగోషియేషన్ ఫెయిల్డ్’ అంటే కాలీలో సాంబా కాన్ఫిగ్ ఫైల్, గ్లోబల్ విభాగంలో ‘క్లయింట్ మిన్ ప్రోటోకాల్’ విలువ ఎన్‌టీ1 చేయండి. దాడి ఫలించలేదనుకుని గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

రెండోది: ఆ యంత్రాన్ని ఎవరో వీఎంవేర్‌లో తయారుచేశారు. అక్కడ కార్డు పేరు ఈఎన్ఎస్33, మీ వర్చువల్‌బాక్స్‌లో అదే కార్డు ఈఎన్‌పీ0ఎస్3. లోపలి ఫైలు లేని కార్డు కోసం ఎదురుచూస్తోంది. బూటయ్యేటప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే గ్రబ్ (బూట్) మెనూ వస్తుంది. ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం నొక్కి, ‘లైనక్స్’తో మొదలయ్యే వరసలో ‘ఆర్ఓ’ని ‘ఆర్‌డబ్ల్యూ’ చేసి, చివర ‘ఇనిట్=/బిన్/బ్యాష్’ చేర్చి, కంట్రోల్-ఎక్స్. రూట్ షెల్ వస్తుంది. అక్కడ ‘ఐపీ ఏ’ కొట్టి అసలు పేరు చూసి, నెట్‌ప్లాన్ ఫైల్లోనో ఇంటర్‌ఫేసెస్ ఫైల్లోనో పాత పేరు మార్చి, రీబూట్. ఐపీ వచ్చాక దాన్ని మళ్ళీ ఇంటర్నల్‌లోకి నెట్టేయండి.

ఉప్మా_రూట్ | 7:05

ప్రాక్స్‌మాక్స్‌కి మారినంక మెటాస్ప్లాయిటబుల్ వీఎండీకే ఫైల్‌ని క్యూఎం డిస్క్ ఇంపోర్ట్‌తోని తెచ్చుకో. తెచ్చినంక అది ‘అన్‌యూజ్డ్ డిస్క్’ అని పడి ఉంటది, దాన్ని డబుల్ క్లిక్ చేసి ఐడీఈగా తగిలియ్, బూట్ ఆర్డర్ల గూడ టిక్ పెట్టు. నెట్‌వర్క్ కార్డు ఈ1000. వర్ట్‌ఐఓ జోలికి పోకు.

ఇంకో ముచ్చట: థిన్ పూల్ (వీఎం డిస్కులన్నీ పంచుకునే జాగా) నూటికి నూరు నిండితే వీఎంలు ఐఓ-ఎర్రర్ అని నిలబడిపోతయ్, లోపలి ఫైల్ సిస్టమ్ గూడ చెడొచ్చు. స్నాప్‌షాట్లు పేరబెడితే గదే అయితది. ఎల్‌వీఎస్ కమాండ్ల డేటా శాతం వారానికోసారి చూడు, 80 దాటంగనే పాతయి కొట్టెయ్. డిస్కులకు ‘డిస్కార్డ్’ టిక్ పెట్టకుంటే లోపల ఫైళ్ళు తీసేసినా పూల్‌ల జాగా తిరిగి రాదు.

బీటీఎం_బాబాయి | 7:20

కరెంటు పోయినప్పుడు కూడా అదే ఫైల్ సిస్టమ్ చెడుతుంది. వానాకాలం సాయంత్రాలు మన కరెంటు సంస్థ బెస్కామ్‌ని నమ్ముకోవద్దు. 600 వీఏ యూపీఎస్ చాలు, ట్రావెల్ రూటర్ కూడా దానికే తగిలించండి.

పీజీ_పక్షి | ఆదివారం ఉదయం 11:10

ప్రస్తుతం ల్యాప్‌టాప్‌లోనే అంతా సర్దాను. మెటాస్ప్లాయిటబుల్ లోపలి నుంచి పింగ్ పరీక్షలు: 10.50.50.10 (కాలీ) జవాబిస్తోంది. 8.8.8.8కి ‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’. పీజీ రూటర్‌కీ అదే. అంతకుముందు హోస్ట్-ఓన్లీలో ఉన్నప్పుడు 192.168.56.1కి కూడా పింగ్ రాలేదు. అంటే అదీ భద్రమే కదా?

గోంగూర_షెల్ | 11:26

కాదు. రెండూ వేరు. హోస్ట్-ఓన్లీలో పింగ్ రాకపోవడానికి కారణం విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వకపోవడం. తీగ ఉంది, అవతలివాడు పలకలేదంతే. కాలీని అదే నెట్‌వర్క్‌లో పెట్టి ఎన్‌మ్యాప్‌కి పీఎన్ ఆప్షన్ (పింగ్ జవాబు కోసం చూడకుండా స్కాన్ చేయమనేది) ఇచ్చి 135, 139, 445 పోర్టులు చూడండి, ఏం తెరిచి ఉందో తెలుస్తుంది. వేరే నెట్‌వర్క్‌లో ఉన్న విండోస్ లక్ష్యాల మీద పీఎన్ లేకుండా స్కాన్ చేస్తే ‘హోస్ట్ డౌన్’ అని అబద్ధం చెప్పొచ్చు.

ఇప్పుడొచ్చిన ‘అన్‌రీచబుల్’ వేరే మాట. వెళ్ళడానికి దారే లేదని యంత్రమే చెబుతోంది. అయినా ఒక మెట్టు మిగిలింది: మెటాస్ప్లాయిటబుల్‌లో డీఫాల్ట్ గేట్‌వేగా కాలీని, అంటే 10.50.50.10ని చేత్తో జోడించి మళ్ళీ 8.8.8.8 పింగ్ చేయండి. లోపలికి వచ్చినవాడు చేసేది అదే కదా. ఏ జవాబూ రాకూడదు. కాలీలో ఐపీ ఫార్వర్డ్ (వేరే యంత్రాల ప్యాకెట్లని దాటించే సెట్టింగు, 1 అంటే ఆన్) విలువ ఎంతో కూడా చూడండి.

పీజీ_పక్షి | 11:48

పింగ్‌కి జవాబు లేదు. కానీ ఫార్వర్డ్ విలువ 1 చూపిస్తోంది. నేనేమీ మార్చలేదే?

గోంగూర_షెల్ | 11:52

కాలీలో డాకర్ ఎక్కించారా?

పీజీ_పక్షి | 11:53

అవును, జ్యూస్ షాప్ కోసం నిన్న రాత్రి.

గోంగూర_షెల్ | 11:58

అదే మార్చింది. డాకర్ లేస్తూనే ఫార్వర్డింగ్ ఆన్ చేసుకుంటుంది. జ్యూస్ షాప్‌ని వేరే చిన్న డెబియన్ వీఎంలో పెట్టి, ల్యాబ్ తీగ మీద 10.50.50.30 ఇవ్వండి. అక్కడ 127.0.0.1 బదులు ఆ ఐపీ రాయాలి, లేకపోతే కాలీకి అందదు. కాలీలోంచి డాకర్ తీసేసి రీబూట్ చేశాక విలువ 0 వచ్చిందో లేదో చూసి, అన్నీ ఆపి, అప్పుడు మొదటి స్నాప్‌షాట్ తీయండి.

పీజీ_పక్షి | మధ్యాహ్నం 12:40

0 వచ్చింది. స్నాప్‌షాట్ పేరు ‘ఉతికిన బట్టలు’ అని పెట్టాను.